సర్వరుకూ ఒక హాజరు పట్టీ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్లు అడిగినప్పుడు "కంప్యూటరు వల్ల ఉపయోగాలు" అని రాద్దామనుకున్నాను. పాత సంచికలు తిరగేస్తే అదే పేరుతో ఇప్పటికే మూడు వ్యాసాలున్నాయి. అందులో ఒకటి నేను తొమ్మిదో తరగతిలో రాసిందే. అందుకని ఈసారి ఉపయోగాలు పక్కనబెట్టి, కంప్యూటరు మమ్మల్ని ముంచిన సంగతి రాస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే ముంచింది కంప్యూటరు కాదు, దాన్ని మాకు అద్దెకిచ్చిన సంస్థ. మా తెలివితక్కువతనం కూడా అందులో సగం ఉంది.

మాది కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. వానాకాలంలో నది నిండుగా వచ్చినప్పుడు సంగమం దగ్గరున్న పాత శివాలయం నీళ్లలో మునిగిపోతుంది. నీళ్లు తీశాక మళ్లీ తేలుతుంది. చిన్నప్పటి నుంచి అది చూసి పెరిగిన వాణ్ణి కాబట్టి మునిగినవన్నీ తేలుతాయనే అనుకునేవాణ్ణి. మా వెబ్‌సైటు మాత్రం తేలలేదు.

అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న సీజనులో చెరకు నరకడానికి, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి వెళతాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.సి.ఏ. చివరి సంవత్సరం. ఆరు నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే, మీరు ఇప్పుడు ట్రంకు పెట్టెలు పెట్టుకునే ఆ గోడ పక్కనే పడుకున్నాను.

2022 జూలైలో మేము అయిదుగురం పాత విద్యార్థులం కలిసి ఒక వెబ్‌సైటు పెట్టాం. ఉద్దేశం చిన్నదే. పదో తరగతి తర్వాత ఏం చదవాలి, పాలిసెట్‌కు ఎప్పుడు దరఖాస్తు చేయాలి, డిగ్రీకి దోస్త్‌లో ఎట్లా నమోదు కావాలి, ఈపాస్‌లో ఉపకారవేతనానికి ఏయే పత్రాలు కావాలి అన్న సంగతులు మా ఇళ్లలో చెప్పేవాళ్లు లేరు. నేను ఇంటర్‌లో చేరినప్పుడు ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం నాన్న రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగాడు. ఆ తిరుగుడు తర్వాతి వాళ్లకు తప్పించాలని మా ఆలోచన. దానితోపాటు గణితం, భౌతికశాస్త్రం మాదిరి ప్రశ్నలు జవాబులతో సహా తెలుగులో పెట్టాం. హాస్టల్లో ఉన్న ఒక్క కంప్యూటరు మీద తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు రాత్రి స్టడీ అవర్ అయ్యాక వంతులవారీగా కూర్చుని టైపు చేశారు. రెండేళ్లలో 640 ప్రశ్నలయ్యాయి. తెలుగు టైపింగ్ రాని పిల్లలు ఒక్కో ప్రశ్నకు ఇరవై నిమిషాలు పట్టేవాళ్లు. ఈ 640 అనే సంఖ్యను గుర్తుంచుకోండి.

ఇక పాఠంలోకి వద్దాం. వెబ్‌సైటు అంటే గాలిలో తేలే వస్తువు కాదు. అది కొన్ని ఫైళ్ల కట్ట. ఆ ఫైళ్లు ఎక్కడో ఒక కంప్యూటరులో ఉండాలి. ఎవరు ఏ అర్ధరాత్రి అడిగినా ఇవ్వడానికి ఆ కంప్యూటరు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. దానినే సర్వరు అంటారు. మన హాస్టల్ కంప్యూటరుకు ఆ పని చెప్పలేం, కరెంటు పోతే అదీ పోతుంది. కావున సర్వర్లు నడిపే సంస్థల దగ్గర చోటు అద్దెకు తీసుకుంటాం. దానికి హోస్టింగ్ అని పేరు. సర్వరు అనగానే అమెరికాలో ఉంటుందనుకుంటాం గాని, 2022 నవంబరులో అమెజాన్ సంస్థ మన హైదరాబాద్ ప్రాంతంలోనే మూడు వేర్వేరు విభాగాలుగా డేటా కేంద్రాలు ప్రారంభించింది. ఒక విభాగంలో కరెంటు పోయినా, మంటలు వచ్చినా మిగతావి నడవాలని మూడుగా పెడతారు.

మా దగ్గర అంత డబ్బెక్కడిది? అయిదుగురం చందా వేసుకుని అన్నిటికంటే చవకగా దొరికిన సంస్థ దగ్గర తీసుకున్నాం. పేరు రాయను. ఆ పేరుతో ఇప్పుడు ఎవరైనా ఉన్నారో లేదో కూడా చెప్పలేను. నెలకు 99 రూపాయల లెక్కన సంవత్సరానికి 1,188 రూపాయలు. చోటు అపరిమితం, వెబ్ చిరునామా ఉచితం, 99.9 శాతం సమయం పని చేస్తుందని హామీ. ఈ మూడు మాటల్లోనూ మేము మోసపోయాం. ఒక్కొక్కటి ఎట్లాగో చెబుతాను.

అపరిమితం అన్న మాట ముందు చూద్దాం. చవక హోస్టింగ్‌లో ఒకే సర్వరు మీద వందల వెబ్‌సైట్లను కూర్చోబెడతారు. మన హాస్టల్ స్నానాల నల్లా సంగతి మీకు తెలుసు కదా. పొద్దున ఆరింటికి అందరూ బకెట్లు పెడితే ఎవరికీ ధార రాదు, పదకొండింటికి పోతే ఒక్కడికే జోరుగా వస్తుంది. ట్యాంకు అపరిమితమే అని వార్డెన్ సార్ అన్నా పైపు మాత్రం ఒక్కటే. మా వెబ్‌సైటు కూడా పదో తరగతి ఫలితాల రోజున, అంటే అందరూ చూసే రోజునే, ఒక్కో పేజీ తెరవడానికి నిమిషం తీసుకునేది. ఫిర్యాదు చేస్తే మేము ఎక్కువ వాడుకుంటున్నామని, ఇంకా పెద్ద ప్లాను కొనుక్కోమని జవాబు వచ్చింది. అపరిమితం అన్నారు కదా అంటే, చోటు అపరిమితం గాని ప్రాసెసరు సమయానికి హద్దు ఉందని, అది నిబంధనల్లో రాసి ఉందని చెప్పారు. వెతికితే నిజంగానే ఉంది. నిబంధనలు చదవకుండా సరే నొక్కింది మేమే.

తర్వాత మెల్లగా గైర్హాజరు మొదలైంది. ఒక రోజు పది నిమిషాలు, ఒక రోజు అరగంట. ఫిర్యాదు చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది, మీ ఇంటర్నెట్ చూసుకోండి" అనేవాళ్లు. వాళ్ల సొంత పేజీలో అన్ని సేవల పక్కనా పచ్చ గుర్తే ఉండేది. మా మాట చెల్లాలంటే లెక్క కావాలి. అప్పుడు పదో తరగతి తమ్ముడొకడు మంచి ఉపాయం చెప్పాడు. "అన్నా, మాకు రోజూ సాయంత్రం హాజరు తీసుకుంటరు గదా, దానికి గూడ తీసుకుందాం" అన్నాడు. వెబ్‌సైటును అయిదు నిమిషాలకొకసారి తట్టి చూసి, పలకకపోతే మనకు ఈమెయిలు పంపే ఉచిత సేవలున్నాయి. అందులో ఒకదానిలో చేరాం. వచ్చిన సమాచారాన్ని లాంగ్‌బుక్కులో తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం అని గళ్లు గీసి ఎక్కించాం. అట్ట మీద "సర్వరు హాజరు పట్టీ" అని రాసింది కూడా ఆ తమ్ముడే.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, పలకా బలపం తీసుకోండి. ముప్పై రోజుల నెలలో 720 గంటలు, అంటే 43,200 నిమిషాలు. 99.9 శాతం హామీ అంటే అందులో వెయ్యోవంతు, 43 నిమిషాల 12 సెకన్లు మాత్రమే పోవచ్చు. 99 శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు. 99.99 శాతం అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. రాతలో దగ్గరదగ్గరగా కనిపించే ఈ అంకెలు గంటల్లోకి మార్చేసరికి ఎంత దూరం జరిగాయో చూడండి. మన పరీక్షలో 95 మార్కులొస్తే ఇంటి దాకా మోసుకుపోతారు. 95 శాతం సర్వరు నెలలో ఒకటిన్నర రోజులు చచ్చి పడుంటుంది.

2023 జూన్‌లో మా హాజరు పట్టీ ప్రకారం సర్వరు పలకని సమయం 31 గంటల 40 నిమిషాలు. అంటే 1,900 నిమిషాలు. హాజరు 95.6 శాతం.

ఆ 31 గంటల్లో 26 గంటలు ఒకే దెబ్బలో పోయాయి. ఒకరోజు సాయంత్రం ఆరింటికి ఆగిపోయి, మరునాడు రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. డిగ్రీ ప్రవేశాల్లో మొదటి విడత గడువు ముగిసేది ఆ మరునాడే. ఇంటర్ పాసైన మన హాస్టల్ పాత విద్యార్థి ఒకడు, రెంజల్ మండలంలోని తన ఊళ్లో, మేనమామ ఫోను అడుక్కుని మా పేజీ కోసం చూశాడు. ఏయే పత్రాలు కావాలో అందులో ఉంటుందని మేమే వాడికి చెప్పాం. ఆ సాయంత్రం తెరుచుకోలేదు. పొద్దున మళ్లీ చూశాడు, లేదు. మధ్యాహ్నం బోధన్ వచ్చి నెట్ సెంటర్లో కూర్చుంటే, ఆదాయ పత్రం కొత్తది కావాలన్నారు. మీసేవలో అడిగితే అది ఒక్క పూటలో వచ్చేది కాదు. మొదటి విడత పోయింది. తర్వాతి విడతలో సీటు వచ్చింది గాని వాడు అనుకున్న కాలేజీలో కాదు, అనుకున్న గ్రూపులోనూ కాదు. నన్ను కలిసినప్పుడు ఒక్క మాట కూడా తిట్టలేదు. "మీ సైటు ఖుల్తదనుకున్న అన్నా" అన్నాడు, అంతే. ఆ గడువు తేదీని మేము ఒక్క చోటే రాశాం. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి, నలుగురికి ఫోను చేసి ఉంటే సరిపోయేది. సర్వరును నమ్మి ఆ పని మానేశాం.

హాజరు పట్టీ ఫొటోలు తీసి సంస్థకు పంపాం. అయిదు రోజుల తర్వాత జవాబు. అందులో క్షమాపణ ఉంది, కారణం లేదు. హామీ ప్రకారం పని చేయని కాలానికి అద్దె తిరిగి ఇస్తామని రాశారు. నెలకు 99 రూపాయల్లో 4.4 శాతం అంటే 4 రూపాయల 35 పైసలు. అది కూడా చేతికివ్వరు, వచ్చే బిల్లులో తగ్గిస్తారు. హామీ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. సర్వరు ఆగదని కాదు, ఆగితే తగ్గించే పైసలు ఎన్నో ముందుగా చెప్పుకోవడమే. తమ్ముడి సీటు, పిల్లల రాత్రుల కష్టం ఆ లెక్కలోకి రావు. పెద్ద సంస్థల హామీ పత్రాలు కూడా చాలావరకు ఇదే పద్ధతిలో ఉంటాయి. పైగా ముందుగా ప్రకటించిన నిర్వహణ పనుల సమయాన్ని సాధారణంగా లెక్క నుంచి మినహాయిస్తారు.

ముందుగా చెప్పి ఆపడానికీ, చెప్పకుండా ఆగడానికీ ఎంత తేడా ఉందో మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2021 జూలైలో గచ్చిబౌలిలోని రాష్ట్ర డేటా కేంద్రంలో కొత్త యూపీఎస్ అమర్చడానికి 9వ తేదీ రాత్రి తొమ్మిది నుంచి 11వ తేదీ రాత్రి తొమ్మిది వరకు ప్రభుత్వ వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు పని చేయవని ముందే ప్రకటించారు. నలభై ఎనిమిది గంటలు. సంవత్సరం మొత్తం మీద లెక్కేస్తే ఆ ఒక్క నిలుపుదలతోనే 99.45 శాతానికి దిగిపోతుంది. కాని శని ఆదివారాలు కలిసేలా చూసుకున్నారు, పత్రికల్లో వచ్చింది, పని ఉన్నవాళ్లు ముందే చేసుకునే వీలు కలిగింది. మా సంస్థ ఆ 26 గంటల గురించి ఒక్క వాక్యం ముందు రాసి ఉంటే ఆ తమ్ముడికి మేమే ఫోను చేసేవాళ్లం.

అసలు సర్వరు ఎందుకు ఆగుతుందంటే, అది ఒక్క వస్తువు కాదు, గొలుసు. కరెంటు, నెట్‌వర్కు, యంత్రం, చిరునామాను వెతికిపెట్టే వ్యవస్థ, ఈ నాలుగూ ఒకేసారి పని చేస్తేనే పేజీ తెరుచుకుంటుంది. మూడు 99.9 శాతం, యంత్రం ఒక్కటి 99.5 శాతం పని చేస్తున్నాయనుకుందాం. నాలుగింటినీ గుణిస్తే 99.2 శాతమే వస్తుంది. నెలకు దాదాపు అయిదుముప్పావు గంటలు పోతుంది. అంటే గొలుసు ఎప్పుడూ తనలోని బలహీనమైన కడియం కంటే ఇంకా బలహీనంగా ఉంటుంది. దీనికి విరుగుడు కూడా గుణకారంలోనే ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సర్వర్లలో ఒకే పేజీ పెట్టామనుకోండి. ఒక్కోటి 99 శాతమే అయినా, రెండూ ఒకేసారి పోయే అవకాశం నూటికి ఒకటిలో నూటికి ఒకటి. అంటే 99.99 శాతం. "సంబంధం లేని" అన్న మాట కింద గీత గీసుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

ఇన్ని తెలిసీ 2023 జూలైలో మళ్లీ ఆ సంస్థకే డబ్బు కట్టాం. నవ్వకండి. మొదటి ఏడాది 99 రూపాయలన్నది రెండో ఏడాది నెలకు 299 అయింది, సంవత్సరానికి 3,588. అయినా కట్టాం. ఎందుకంటే ఉచితంగా ఇచ్చిన వెబ్ చిరునామా మా పేరు మీద లేదు, వాళ్ల పేరు మీద ఉంది. వేరే చోటికి పోతే ఆ చిరునామా వదులుకోవాలి. అప్పటికే అది హాస్టల్ గోడ మీద రంగుతో రాసి ఉంది, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు నోటికి వచ్చింది.

బోధన్ వాళ్లకు ఈ ఇరకాటం కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని నమ్ముకుని ఈ ప్రాంతమంతా చెరకు వేసింది. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. నరికిన చెరకును ఇంట్లో దాచుకోలేం. రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర తగ్గుతుంది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు ఆలస్యం చేసినా, ఆపేసినా నష్టం రైతుదీ, ఆ రైతు పొలంలో నరికే మా నాన్నలాంటి వాళ్లదీ. మా వెబ్‌సైటు గోస చెప్పుకుంటుంటే నాన్న అంతా విని, "చెరుకైతే ఒక్క బండ్లెనే పోతది. నీ కాయితాలు రెండు బండ్లళ్ల ఎయ్యరాదా?" అన్నాడు. నాలుగో తరగతి చదివిన మా నాన్న, ఎం.సి.ఏ.లో ఒక అధ్యాయం మొత్తం చెప్పిన సంగతిని ఒక్క ముక్కలో అడిగాడు. చెరకుకు నకలు ఉండదు. ఫైలుకు ఉంటుంది. అది పైసా ఖర్చు లేని పని. మేము చేయలేదు.

2024 జూలైలో మూడోసారి డబ్బు తీసుకున్నారు. కాని చిరునామాను మాత్రం రిజిస్ట్రీ దగ్గర పొడిగించలేదు. అక్టోబరులో అది చేజారిపోయింది. దానితోపాటు ఇంకొకటి పోయింది. చిరునామా కొన్న గర్వంలో మా ఈమెయిలు కూడా అదే చిరునామా మీద పెట్టుకున్నాం. రసీదులు, ఫిర్యాదుల జవాబులు, పాస్‌వర్డు మార్చుకునే సందేశాలు అన్నీ దానికే వచ్చేవి. నవంబరులో సర్వరు ఖాతా తెరుచుకోవడం మానేసినప్పుడు, పాస్‌వర్డు మార్చుకుందామంటే ఆ సందేశం లేని ఈమెయిలుకు పోతోంది. పెట్టె తాళం చెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూత వేసుకున్నట్టయింది. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. కొన్నాళ్లకు మోగడం కూడా ఆగింది.

పాత చిరునామాను ఎవరో కొనుక్కున్నారు. ఒకరోజు ఏడో తరగతి పిల్లవాడు గోడ మీది అక్షరాలు చూసి టైపు చేస్తే పేకాట ప్రకటన వచ్చింది. ఆ సాయంత్రమే సున్నం బకెట్టు తెచ్చి గోడ మీద తుడిచేశాం.

640 ప్రశ్నల కోసం వెతుకులాట మొదలైంది. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ అమెరికాలో ఉంది. 2001 నుంచి దాని వేబ్యాక్ మెషీన్‌లో ఎవరైనా పాత పేజీలు చూడవచ్చు. మా పేజీలు కొన్ని అందులో దొరికాయి. టైపు చేసిన తమ్ముళ్లలో ఒకడు తన ఫైళ్లను పెన్‌డ్రైవులో పెట్టుకుని ఊళ్లో మరిచిపోయాడు, వాడి మతిమరుపు మమ్మల్ని కొంత కాపాడింది. మొత్తం కలిపి 412. మిగతా 228 పోయాయి. అందులో వృత్తలేఖనాల బొమ్మలు ఎక్కువ. వాటిని గీసిన పిల్లవాడు అప్పటికి పాలిటెక్నిక్‌లో చేరి వెళ్లిపోయాడు.

మేము చిన్నవాళ్లం, చవకకు పోయాం కాబట్టి ఇట్లా అయింది అనుకోవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి పూర్తిగా కాలిపోయింది. నెట్‌క్రాఫ్ట్ సంస్థ లెక్క ప్రకారం 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు. అయితే బ్యాకప్ కోసం విడిగా డబ్బు కట్టిన ఒక ఖాతాదారుడి నకళ్లు కూడా కాలిపోయాయి, ఎందుకంటే వాటిని పెట్టింది అసలు సర్వరు ఉన్న చోటనే. 2023 జనవరిలో లిల్ వాణిజ్య న్యాయస్థానం ఆ ఖాతాదారుడికి లక్ష యూరోల పైచిలుకు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. గీత గీసుకోమన్న మాట ఇక్కడికే. సర్టిఫికెట్లను ఒకే గదిలో రెండు ట్రంకు పెట్టెల్లో పెడితే, వరద వచ్చినప్పుడు రెండూ తడుస్తాయి.

ప్రభుత్వాలకూ ఇదే తప్పింది కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలోని 858 టెరాబైట్లు పోయాయి. అది మరీ పెద్దదని బయట నకలు పెట్టలేదట. ఇంటర్నెట్ వేగంలో ప్రపంచానికి పేరుమోసిన దేశం సంగతి ఇది.

నకలు ఉంటే చాలదు, అది తెరుచుకోవాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. అయిదు రకాల బ్యాకప్ పద్ధతులు పెట్టుకున్నారు గాని ఆ రాత్రి చూస్తే ఏదీ సరిగా పని చేయడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందటి నకలొకటి దొరికింది. ఆ సంస్థలో నాకు నచ్చింది మాత్రం ఒకటుంది. జరిగిందంతా దాచకుండా అందరికీ చెప్పారు. మాకు 26 గంటలకు కూడా కారణం తెలియలేదు.

2025 జనవరిలో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కొనేముందు సంస్థ వాళ్లకు ఫోను చేసి విసిగించాం. చిరునామా ఎవరి పేరు మీద ఉంటుంది, రేపు మేము వెళ్లిపోతామంటే బదిలీ కోడ్ అడిగిన వెంటనే ఇస్తారా, రెండో ఏడాది అద్దె ఎంత, నకలు ఏ ఊళ్లో పెడతారు అని అడిగాం. రాత్రి పదింటికి ఒక దొంగ ఫిర్యాదు పంపి ఎంతసేపటికి పలుకుతారో కూడా చూశాం. ఒక సంస్థ పన్నెండు నిమిషాల్లో పలికింది. ఇంకొకటి మూడో రోజు. అద్దె రెండింటికీ ఇంచుమించు సమానమే. చిరునామాను మాత్రం వేరే రిజిస్ట్రారు దగ్గర, మాలో ఒకరి పేరు మీద విడిగా కొన్నాం. ఖాతాల ఈమెయిలు ఆ చిరునామా మీద కాకుండా మామూలు ఉచిత ఈమెయిలు పెట్టాం. మూడు నకళ్లు, రెండు రకాల సామగ్రి మీద, ఒకటి వేరే ఊళ్లో అని ఒక సూత్రం ఉంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మా పద్ధతి అదే. ఒకటి సర్వరులో, ఒకటి హాస్టల్ కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో కందకుర్తిలో మా ఇంట్లో. అమ్మ దాన్ని బీడీ కార్డు పెట్టుకునే డబ్బాలో పెట్టింది, ఆ డబ్బా పోయిన రోజు ఇంతవరకు లేదు.

కోర్టుకు ఎందుకు పోలేదని కొందరు అడిగారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, అయిదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది. 1915 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. కాని చేతిలో రసీదులుండాలి కదా, అవి పోయిన ఈమెయిలులో ఉన్నాయి. మిగిలింది ఆ లాంగ్‌బుక్కు, ఒకరి బ్యాంకు పాస్‌బుక్కులో మూడు పద్దులు. కాబట్టి తమ్ముళ్లారా, ఏది కొన్నా బిల్లును కాగితం మీద ముద్రించి పెట్టుకోండి. పాతకాలపు అలవాటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

పోయిన 228 ప్రశ్నల్లో 90 దాకా ఈ సంవత్సరం పదో తరగతి వాళ్లు మళ్లీ రాశారు. బొమ్మలు మిగిలాయి, గీయగలిగినవాళ్లు పేరివ్వండి. గడువు తేదీలు ఇప్పుడు వెబ్‌సైటు మీద, నోటీసు బోర్డు మీద, రెండు చోట్లా ఉంటున్నాయి. నెలకొకసారి ఆదివారం నాడు ఊరి నుంచి పెన్‌డ్రైవు తెచ్చి, అందులోని నకలు తెరుచుకుంటుందో లేదో ఇద్దరు పిల్లలు సరిచూస్తారు.

హాజరు పట్టీ కూడా నడుస్తోంది, ఇప్పుడు రెండో లాంగ్‌బుక్కు. పోయిన నెల ముప్పై రోజులకు హాజరు 99.94 శాతం. గైర్హాజరు 26 నిమిషాలు, అందులో 15 నిమిషాలు ముందే చెప్పి ఆపినవి. మిగతా 11 నిమిషాలు ఎందుకు పోయాయని రాశాం. జవాబు ఇంకా రాలేదు.